ఖాళీ లిస్ట్‌ను డిఫాల్ట్‌గా పెడితే పాత బిల్లు సరుకులు కొత్త బిల్లులో పడుతున్నాయి, ఎందుకు?

నల్లరేగడి · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పైథాన్ మొదలుపెట్టి ఆరు నెలలైంది. మా మేనమామ కిరాణా కొట్టుకు చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. ఇంట్లో చూసుకున్నప్పుడు అంతా బాగానే ఉంది. ఇవాళ సాయంత్రం కొట్టులో పెట్టాం. మొదటి బిల్లు కందిపప్పు, చింతపండు, సరిగ్గా వచ్చింది. తర్వాత వచ్చిన ఆవిడ ఒక్క కొబ్బరినూనె సీసా తీసుకుంది, బిల్లులో మూడు సరుకులు పడ్డాయి. "నేను చింతపండు ఎప్పుడు తీసుకున్నాను నాయనా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మామయ్య ఏమీ అనకుండా పాత చిట్టాపుస్తకం బయటికి తీసి చేత్తో రాయడం మొదలుపెట్టాడు.

తప్పు ఈ మూడు లైన్లలోనే ఉందని తెలుస్తోంది, ఎందుకో మాత్రం తెలియడం లేదు (కీవర్డులు పలికినట్టే రాశాను):

డెఫ్ చేర్చు(సరుకు, పన్ను=5, బిల్లు=[]):
    బిల్లు.అపెండ్((సరుకు, పన్ను))
    రిటర్న్ బిల్లు

కొత్త మనిషి వచ్చినప్పుడు మొదటి సరుకుకు బిల్లు ఇవ్వకుండా పిలుస్తాను. ఇవ్వకపోతే ఖాళీ లిస్ట్ వస్తుందనే కదా ఆ డిఫాల్ట్ పెట్టింది? ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే మొదటి బిల్లు మాత్రం శుభ్రంగా వస్తోంది.

తుంగభద్ర · రాత్రి 9:31

ఇంట్లో ఎందుకు బయటపడలేదో ఆఖరి వాక్యంలో మీరే చెప్పారు. ఒక బిల్లు చూసి ఆపి, కోడ్ మార్చి, మళ్లీ మొదలుపెట్టి ఉంటారు. రెండో బిల్లు దాకా ఎప్పుడూ వెళ్లి ఉండరు.

పైథాన్‌లో డెఫ్ అన్న లైను కూడా నడిచే లైనే. అది నడిచిన క్షణంలో బ్రాకెట్ల మధ్య ఉన్న డిఫాల్ట్‌లను లెక్కగట్టి, ఆ విలువలను ఫంక్షన్‌కే తగిలించి ఉంచుతుంది. ఆ పని ఒక్కసారే జరుగుతుంది. ఫంక్షన్‌ను మీరు వందసార్లు పిలిచినా ఆ చదరపు బ్రాకెట్లు మళ్లీ లెక్కకు రావు, వందసార్లూ అదే లిస్ట్ చేతికొస్తుంది. తక్కెడ పళ్ళెంలో ముందు తూచిన పప్పు తీయకుండానే తర్వాతి సరుకు పోసినట్టన్నమాట.

కళ్లారా చూడాలంటే రెండుసార్లు పిలిచాక చేర్చు.__డిఫాల్ట్స్__ అని ప్రింట్ చేయండి. అక్కడ 5 పక్కన మీ కందిపప్పు, చింతపండు కూర్చుని ఉంటాయి. నేను క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు వివరణ కంటే ముందు ఈ లైనే కొట్టిస్తాను. ఫంక్షన్‌కు కూడా ఒక జేబు ఉంటుందని అప్పుడు నమ్ముతారు.

సరిచేసే పద్ధతి ఇది:

డెఫ్ చేర్చు(సరుకు, పన్ను=5, బిల్లు=నన్):
    ఇఫ్ బిల్లు ఈజ్ నన్:
        బిల్లు = []
    బిల్లు.అపెండ్((సరుకు, పన్ను))
    రిటర్న్ బిల్లు

ఇక్కడ "ఈజ్ నన్" అనే రాయండి, "ఇఫ్ నాట్ బిల్లు" అని కుదించవద్దు. ఎవరైనా తమ సొంత ఖాళీ లిస్ట్ పంపి అందులో నింపమంటే, "నాట్" దాన్ని కూడా లేనిదానికిందే లెక్కేసి ఇంకో కొత్త లిస్ట్ చేస్తుంది. పంపినవాళ్ల లిస్ట్ ఖాళీగానే మిగిలిపోతుంది. ఒక తప్పు దిద్దబోయి దాని తమ్ముణ్ణి తెచ్చుకోవడం అవుతుంది.

నల్లరేగడి · రాత్రి 9:44

అర్థమైంది మేడం, చాలా థాంక్స్. అయితే పన్ను=5 కూడా ఒక్కసారే లెక్కకొస్తుంది కదా. దానికి ఈ గొడవ ఎందుకు లేదు?

తుంగభద్ర · రాత్రి 9:52

5 అనే అంకెను ఎవరూ లోపల మార్చలేరు. పన్ను = 18 అని రాస్తే ఆ పేరు వేరే అంకెను పట్టుకుంటుంది, పాత 5 ఎక్కడికీ పోదు. లిస్ట్, డిక్షనరీ, సెట్ అలా కాదు, ఉన్నచోటే పెరుగుతాయి, తరుగుతాయి. అంకెలు, స్ట్రింగులు, ట్రూ-ఫాల్స్, నన్ డిఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు. టపుల్ (చేసాక మార్చలేని వరస) కూడా పర్వాలేదు, లోపల లిస్ట్ దాచకపోతే. మీ ఎడిటర్‌లో కోడ్‌లో తప్పులు వెతికిపెట్టే పైలింట్ గానీ రఫ్ గానీ పెట్టుకుంటే ఈ తప్పును పట్టుకుంటాయి. రఫ్‌లో బీ006 అనే నియమం దీనికోసమే ఉంది, దాన్ని ఆన్ చేసుకోవాలి. డేటాక్లాసులు (డేటా దాచే క్లాసులను తక్కువ రాతతో చేసుకునే సదుపాయం) 3.7 వెర్షన్‌లో తెచ్చినప్పుడు పైథాన్ వాళ్లే జాగ్రత్తపడ్డారు. అక్కడ ఫీల్డుకు ఖాళీ లిస్ట్ డిఫాల్ట్ ఇస్తే వాల్యూఎర్రర్ ఇచ్చి, ప్రతిసారీ కొత్త లిస్ట్ చేసిచ్చే డిఫాల్ట్_ఫ్యాక్టరీ వాడమంటుంది.

కాకతీయ · రాత్రి 10:05

తమ్ముడూ, లిస్ట్ ఒక్కటే కాదు, టైం తోని ఇంకా పరేషాన్ అయితది. ఒక ఆఫీసుల ఉన్నప్పుడు లాగ్ రాసే ఫంక్షన్‌ల సమయం=డేట్‌టైం.నౌ() అని డిఫాల్ట్ పెట్టిన. ఆదివారం రాత్రి సర్వర్ ఎక్కిచ్చినం. బుధవారం ఒక ఫిర్యాదు వస్తే లాగ్ తీసి చూసిన. మూడు రోజుల ఎంట్రీలు, వేలకు వేలు, అన్నిటి మీద ఆదివారం రాత్రి 11:42. సెకండ్లు సుత ఒకటే. ఏది ముందు అయిందో ఏది ఎనుక అయిందో చెప్పేతందుకు ఏ ఆధారం లేకుండ పోయింది. కారణం పైన మేడం చెప్పిందే. డెఫ్ లైను నడిచిన క్షణం దగ్గర్నే గడియారం ఆగిపోయింది. లిస్ట్ తప్పయితే గిరాకీ ఎవరో ఒకరు అడుగుతరు. ఇది అడిగేటోళ్లు లేరు.

సెమీకోలన్ · రాత్రి 10:20

జావాస్క్రిప్ట్ నుంచి వచ్చినవాళ్లు ఇందులో తప్పకుండా తడబడతారు, ఎందుకంటే అక్కడ సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. 2015లో భాషలోకి డిఫాల్ట్ పారామీటర్లు వచ్చినప్పుడే, పిలిచిన ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టేలా పెట్టారు. అక్కడ బిల్లు=[] అని రాస్తే ప్రతి పిలుపుకూ కొత్త లిస్టే. రూబీలో కూడా అంతే.

కానీ అక్కడి గుంత వేరే చోట ఉంది. అన్‌డిఫైన్డ్ (అంటే విలువ ఇవ్వనే లేదు) వస్తేనే డిఫాల్ట్ పనిచేస్తుంది, నల్ (అంటే ఖాళీ అని చెప్పి ఇచ్చింది) వస్తే పనిచేయదు. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌లో (డేటా పంపే టెక్స్ట్ రూపం) ఖాళీ విలువలు నల్‌గా వస్తాయి. మనం డిఫాల్ట్ ఉందిలే అని నిశ్చింతగా ఉంటాం, నల్ నేరుగా లోపలికి వచ్చేస్తుంది.

2015కి ముందు కోడ్‌లో ఇంకోటి కనిపిస్తుంది: తగ్గింపు = తగ్గింపు || 10. ఈమెకు తగ్గింపు వద్దని కొట్టువాడు 0 కొడితే, సున్నా అబద్ధం కింద లెక్క కాబట్టి 10 శాతం తగ్గిపోతుంది. ఇలాంటి పాత కోడ్ మీ చేతికొస్తే ఊరికే వదలకండి, 2020లో వచ్చిన రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్‌కు మార్చండి.

మంజీర · రాత్రి 10:48

నేను సీ షార్ప్‌లో పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నాను. 2010లో నాలుగో వెర్షన్‌తో ఆప్షనల్ పారామీటర్లు వచ్చినప్పుడు మా టీం పండగ చేసుకుంది, ఓవర్‌లోడ్‌లు (ఒకే పేరుతో, వేర్వేరు పారామీటర్లతో రాసే ఫంక్షన్లు) సగానికి సగం తీసేశాం. తర్వాత అర్థమైన సంగతి చెబుతాను.

సీ షార్ప్‌లో డిఫాల్ట్ అనేది కంపైల్ అయ్యేటప్పటికే తెలిసిన స్థిరవిలువ అయి ఉండాలి. అందువల్ల మీ లిస్ట్ గొడవ అక్కడ పుట్టదు. కానీ ఆ విలువ మెథడ్ (ఫంక్షన్‌ను అక్కడ అలా అంటాం) దగ్గర ఉండదు. పిలిచినవాడి కోడ్‌ను కంపైల్ చేసేటప్పుడు కంపైలర్ ఆ అంకెను తెచ్చి పిలుపులోనే అచ్చు వేసేస్తుంది. మీరు రాయకపోయినా, రాసినట్టే లోపల ఉంటుంది.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. పన్ను లెక్కగట్టే మెథడ్ ఒక డీఎల్‌ఎల్‌లో (విడిగా ఉండే లైబ్రరీ ఫైల్) ఉంది, డిఫాల్ట్ 12. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీలో 12 శాతం శ్లాబు పోయి, అందులోని వస్తువులు చాలావరకు 5లోకి వచ్చాయి కదా. డీఎల్‌ఎల్‌లో 12ను 5 చేసి, ఆ ఒక్క ఫైలునే అన్ని కౌంటర్లకూ పంపారనుకోండి. కౌంటర్‌లో ఉన్న ప్రోగ్రాం పాత కంపైలే కాబట్టి దాని ఒంట్లో 12 అచ్చుపడి ఉంది. కొత్త డీఎల్‌ఎల్‌కు అది 12నే పంపుతుంది. సోర్స్ తెరిస్తే 5 కనిపిస్తుంది, బిల్లులో 12 పడుతుంది. ఇలాంటిదాన్ని వెతుకుతూ ఒక రాత్రంతా నేను తెల్లవార్లూ కూర్చున్నాను. అందుకే బయటివాళ్లు వాడే లైబ్రరీలో పబ్లిక్ మెథడ్‌కు, మారే అవకాశం ఉన్న విలువను నేను డిఫాల్ట్‌గా పెట్టను. ఓవర్‌లోడ్ రాస్తాను.

నల్లరేగడి గారూ, ఇక మీ పన్ను=5 సంగతి. అందరూ లిస్ట్ గురించే మాట్లాడారు గానీ నాకు భయం వేసింది ఆ 5ను చూసి. మీ మామయ్య కందిపప్పు బస్తా విప్పి తూచి ఇస్తారా, ప్యాకెట్లు అమ్ముతారా?

నల్లరేగడి · రాత్రి 11:01

రెండూ అండి. ఎక్కువగా విడిగా తూచిందే.

మంజీర · రాత్రి 11:10

విడిగా తూచి ఇచ్చే పప్పుకు జీఎస్‌టీ లేదు. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసింది, 25 కిలోలు మించనిదైతే 5 శాతం. 2022 జులై నుంచి ఇదే లెక్క. అంటే పన్ను చెప్పడం మర్చిపోయిన ప్రతిసారీ మీ ఫంక్షన్ తూచిన పప్పు మీద 5 శాతం వేస్తుంది. ఎర్రర్ రాదు, బిల్లు చూడడానికి అందంగానే ఉంటుంది. లిస్ట్ తప్పును ఆవిడ చూడగానే పట్టుకుంది. ఈ తప్పును ఎవరూ పట్టుకోరు.

పన్నుకు డిఫాల్ట్ తీసేయండి. చెప్పకపోతే ప్రోగ్రాం ఆగాలి. పైథాన్‌లో దీనికి మంచి సదుపాయం ఉంది, తుంగభద్ర గారు చెబితే బాగుంటుంది.

తుంగభద్ర · రాత్రి 11:18

నిజమే, ఆ 5ను నేను చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ సదుపాయం ఒక నక్షత్రం గుర్తు:

డెఫ్ చేర్చు(సరుకు, *, పన్ను, బిల్లు=నన్):

నక్షత్రం తర్వాత ఉన్నవన్నీ పేరు చెప్పి ఇవ్వాల్సిందే. పైథాన్ 3 మొదటి విడుదల నుంచీ ఉంది. పన్నుకు డిఫాల్ట్ లేదు కాబట్టి ఇవ్వకపోతే టైప్ఎర్రర్ వస్తుంది. చేర్చు("కందిపప్పు", పన్ను=0) అని రాసినప్పుడు, ఆ సున్నా ఏమిటో ఆరు నెలల తర్వాత చదివినవాళ్లకు కూడా తెలుస్తుంది. నాలుగైదు ట్రూ-ఫాల్స్‌లు వరసగా పంపే ఫంక్షన్లకు ఇది మరీ అవసరం. చేర్చు("పప్పు", ట్రూ, ఫాల్స్, ట్రూ) అని ఉంటే, చదివేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టుకోవాలి.

కృష్ణాతీరం · ఆదివారం ఉదయం 7:35

పొద్దున్నే కాఫీతో ఈ చర్చంతా చదివాను. జావా వాళ్ల తరఫున ఒక మాట. జావాలో డిఫాల్ట్ పారామీటర్లు లేవని అందరూ వెనకబాటుగా చెబుతారు. అక్కడ మనం రెండు పారామీటర్ల మెథడ్ రాసి, లోపలినుంచి మూడు పారామీటర్లదాన్ని పిలుస్తాం. ఆ మూడో విలువ లైబ్రరీలోనే ఉంటుంది, పిలిచినవాడి దగ్గర కాదు. లైబ్రరీ మారిస్తే అందరికీ మారుతుంది. మంజీర గారి 12 శాతం కష్టం ఇక్కడ రాదు. ఆప్షన్లు నాలుగు దాటితే ఓవర్‌లోడ్‌ల మెట్లు పెరిగిపోతాయి, అప్పుడు బిల్డర్ (ఆప్షన్లను పేరుతో ఒక్కొక్కటిగా నింపే క్లాసు) రాసుకుంటాం. అవును, రాత ఎక్కువే, ఒప్పుకుంటాను.

కోట్లిన్ వాళ్లు మధ్యదారి పట్టారు. డిఫాల్ట్ ఉన్న మెథడ్‌కు వెనకాల ఇంకో దొంగ మెథడ్ పుడుతుంది. ఏయే పారామీటర్లు ఇవ్వలేదో ఒక అంకెలోని బిట్లు చెబుతాయి, లోపల చూసుకుని డిఫాల్ట్‌లు నింపుకుంటుంది. విలువ పిలిచినవాడి దగ్గర అచ్చు పడదు. జావా నుంచి పిలవాలంటే మాత్రం జేవీఎమ్ఓవర్‌లోడ్స్ అనే అనొటేషన్ తగిలించాలి, లేకపోతే జావా వాడికి అన్నీ ఇవ్వక తప్పదు.

మడఅడవి · ఉదయం 8:02

సీ ప్లస్ ప్లస్‌లోది ఒకటి చెప్పి వెళ్తాను. తండ్రి క్లాసులో వర్చువల్ మెథడ్‌కు (కొడుకు క్లాసు తిరగరాయగలిగేదానికి) డిఫాల్ట్ 10, కొడుకు క్లాసులో అదే మెథడ్‌కు 20 పెట్టండి. తండ్రి పాయింటర్‌తో కొడుకు ఆబ్జెక్ట్‌ను పట్టుకుని పిలిస్తే, నడిచే కోడ్ కొడుకుది, వచ్చే డిఫాల్ట్ తండ్రిది, 10. కోడ్ ఎవరిదో ప్రోగ్రాం నడిచేటప్పుడు తేలుతుంది, డిఫాల్ట్ కంపైల్ అప్పుడే తేలిపోతుంది. సీ షార్ప్‌లోనూ ఇదే కథ. కోట్లిన్ అయితే కొడుకు క్లాసులో డిఫాల్ట్ మళ్లీ రాయనివ్వదు, నాకు ఆ నిర్ణయం నచ్చింది.

నల్లరేగడి · ఉదయం 9:15

రాత్రే కోడ్ మార్చాను, ఇంట్లో వరసగా ఇరవై బిల్లులు కొట్టి చూశాను, ఒకదాంట్లో ఒకటి కలవలేదు. ఇప్పుడు కొట్టుకు వచ్చాను. ఇక్కడ ఇంకో చిక్కు. సరుకుల పేర్లు తెలుగులో ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టాను. ఇంట్లో లినక్స్‌లో బాగా చదివింది. కొట్టులో విండోస్ ల్యాప్‌టాప్‌లో యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, 0ఎక్స్8డీ అనే బైట్‌ను చదవలేనంటోంది. విచిత్రం ఏమిటంటే ఫైల్‌లో "శనగపిండి" ఒక్కటే ఉంచితే ఎర్రర్ రావడం లేదు, కానీ స్క్రీన్ మీద పిచ్చిగీతలు వస్తున్నాయి. "కందిపప్పు" చేర్చగానే ఆగిపోతోంది. దీనికోసం వేరే చర్చ మొదలుపెట్టాలా?

గోదారిగట్టు · ఉదయం 9:40

వేరేది వద్దు, ఇది కూడా డిఫాల్ట్ పారామీటర్ కథే. తెలుగులో ప్రోగ్రాం చేసే ప్రతి ఒక్కరికీ తగిలే దెబ్బ ఇది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫైల్ తెరిచే ఓపెన్ ఫంక్షన్‌కు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అనే పారామీటర్ ఉంది, డిఫాల్ట్ నన్. నన్ అంటే "ఈ కంప్యూటర్ అలవాటు ఏదైతే అది". లినక్స్ అలవాటు యూటీఎఫ్-8. మన దేశంలో మామూలుగా కొనే విండోస్ ల్యాప్‌టాప్ అలవాటు సీపీ1252, పశ్చిమ యూరప్ భాషలకోసం చేసిన పట్టిక. కోడ్ అదే, ఫైల్ అదే, యంత్రం మారేసరికి డిఫాల్ట్ మారిపోయింది.

ఇక శనగపిండికీ కందిపప్పుకూ తేడా. యూటీఎఫ్-8లో తెలుగులోని ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు. సీపీ1252 ఒక్కో బైట్‌ను ఒక్కో అక్షరంగా చదువుతుంది. అందుకే ఒక తెలుగు అక్షరం మూడు పిచ్చిగీతలవుతుంది. కానీ ఆ పట్టికలో ఐదు గడులు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. వీటిలో ఏది వచ్చినా పైథాన్ చదవలేనని ఆగిపోతుంది. మన పొల్లు గుర్తు, అదే ఒత్తులన్నిటినీ కలిపేది, దాని బైట్లు ఈ0, బీ1, 8డీ. ఉకారం కొమ్ము ఈ0, బీ1, 81. కందిపప్పులో పొల్లూ ఉంది, కొమ్మూ ఉంది. ముందు వచ్చింది పొల్లు, అందుకే మీ ఎర్రర్‌లో 8డీ కనిపించింది. శనగపిండిలో రెండూ లేవు, కాబట్టి చప్పుడు లేకుండా చెడిపోయి లోపలికి వచ్చింది. చింతపండును ఒక్కదాన్నే పెట్టి చూడండి, 81 అంటుంది.

ఒత్తూ కొమ్మూ లేకుండా తెలుగులో ఎంతసేపు రాయగలం? అందుకే మనకు ఈ ఎర్రర్ తొందరగానే కనబడుతుంది. ఒకరకంగా మన అదృష్టం, శనగపిండిలా నిశ్శబ్దంగా పాడయ్యే పేర్లు తక్కువ.

ఓపెన్("సరుకులు.టీఎక్స్‌టీ", ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8") అని రాయండి. చదివేచోటా, రాసేచోటా, రెండుచోట్లా. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు. జావా 18తో 2022లోనే ఆ పని చేసింది. అయినా మీ కొట్టు ల్యాప్‌టాప్‌లో ఏ వెర్షన్ ఉంటుందో, రేపు ఎవరు మారుస్తారో, మీరు రాసి పెట్టేయండి.

ఇంకోటి. బిల్లులను జేసన్‌లో దాస్తుంటే డంప్స్ ఫంక్షన్‌లో ఎన్‌ష్యూర్_ఆస్కీ అనే పారామీటర్ డిఫాల్ట్ ట్రూ. మీ "కందిపప్పు" అక్షరానికో బ్యాక్‌స్లాష్ కోడ్‌గా మారిపోతుంది. డేటా పోదు, మళ్లీ చదివితే తెలుగే వస్తుంది. కానీ ఫైల్ తెరిచి చూస్తే మీ మామయ్యకు ఒక్క ముక్క అర్థం కాదు, మూడు బైట్ల గుర్తుకు ఆరు బైట్లు పడతాయి. ఫాల్స్ పెట్టుకోండి.

కాకతీయ · ఉదయం 10:10

గివన్ని చూస్తుంటే గో భాష తీరు మంచిదనిపిస్తది. డిఫాల్ట్ పారామీటర్లే లేవు. రస్ట్‌ల సుత లేవు. ఏది కావాల్నో నోరు తెరిచి చెప్పాలె, అంతే. మా టీంల నేను ఇదే నియమం పెడతా అంటున్న.

తుంగభద్ర · ఉదయం 10:32

కాకతీయ గారూ, ఆదివారం రాత్రి 11:42 దగ్గర ఆగిపోయిన లాగ్‌ను చూసినవాళ్లకు అలా అనిపించడం సహజమే. కానీ పూర్తిగా తీసేస్తే పైథాన్‌లో ఓపెన్‌ను ఎనిమిది విలువలు ఇచ్చి పిలవాలి. అప్పుడు జనం ముందరివాళ్ల కోడ్ నుంచి ఆ ఎనిమిదీ కాపీ చేసుకుంటారు. ఆలోచించకుండా తీసుకునే డిఫాల్ట్ మళ్లీ వచ్చినట్టే, ఈసారి వెయ్యి ఫైళ్లలో.

నేను చూసేది ఒక్కటే. పిలిచినవాళ్లు ఈ విలువ గురించి అసలు ఆలోచించకపోతే ఏమవుతుంది? ప్రింట్ ఫంక్షన్ చివర కొత్త లైన్ వేస్తుంది, ఎవరికీ నష్టం లేదు, చక్కటి డిఫాల్ట్. వెబ్ సర్వర్లతో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీలో టైమ్‌అవుట్ డిఫాల్ట్ నన్, అంటే అవతలి సర్వర్ పలకకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటుంది. నా విద్యార్థులు రాసిన ప్రోగ్రాంలు రాత్రంతా అలా నిలబడిపోవడం ఎన్నిసార్లు చూశానో. యామల్ ఫైళ్లు చదివే పైయామల్‌లో లోడ్ ఫంక్షన్ పాత డిఫాల్ట్ ఇంకా ప్రమాదం. బయటివాళ్లు ఇచ్చిన ఫైల్ చదివితే అందులో దాచిన పైథాన్ కోడ్ నడిచే అవకాశం ఉండేది. 2019లో 5.1 హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది, 2021లో 6.0 ఆ డిఫాల్ట్‌ను తీసేసి లోడర్ చెప్పి తీరాలంది. ఎన్నో ప్రోగ్రాంలు ఆగాయి. అయినా సరైన పనే చేశారని నా అభిప్రాయం.

కాకతీయ · ఉదయం 10:45

మంచిగ చెప్పిన్రు మేడం. అన్నీ బంద్ అనను. టైం, పైసలు, భద్రత, ఈ మూడిట్ల డిఫాల్ట్ ఒద్దని టీంకు రాస్త.

మంజీర · ఉదయం 10:58

టైంజోన్ కూడా చేర్చండి. డేట్‌టైం.నౌ కు టైంజోన్ చెప్పకపోతే సర్వర్ గడియారం తీసుకుంటుంది. సర్వర్ యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) ఉంటే, మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు సాయంత్రం 6:30. తెల్లవారుజామున ఐదు గంటలకు పాలు కొన్న బిల్లు నిన్నటి లెక్కలో పడుతుంది.

నల్లరేగడి · ఆదివారం రాత్రి 9:50

ఇప్పుడే కొట్టు కట్టేసి వచ్చాం. ఎన్‌కోడింగ్ రెండుచోట్లా పెట్టాను. గోదారిగట్టు గారూ, చింతపండు ఒక్కటే పెట్టి చూశాను, మీరన్నట్టే 81 వచ్చింది. పన్నుకు డిఫాల్ట్ తీసేయగానే ప్రోగ్రాం పదకొండు చోట్ల ఆగింది. ఆ పదకొండింటిలో ఏడు విడిగా తూచే పప్పులూ బియ్యమే. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడిగి రాశాను.

సాయంత్రం నుంచి ముప్ఫై నాలుగు బిల్లులు వేశాం. నిన్నటి ఆవిడ మళ్లీ వచ్చింది, ఈసారి నిజంగానే చింతపండు తీసుకుంది. బిల్లు చేతిలో పట్టుకుని పైనుంచి కింది దాకా చదువుకుని డబ్బులిచ్చింది. మామయ్య చిట్టాపుస్తకం ఇంకా లోపల పెట్టలేదు. వారంపాటు రెండిట్లోనూ రాసి, రోజూ రాత్రి రెండు మొత్తాలూ పోల్చి చూద్దామన్నాడు. ఇవాళ్టివి కలిశాయి.